గ్లెనిస్ అరువు తెచ్చుకున్న కెమెరా

గ్లెనిస్ హార్వుడ్ మా పక్కింటావిడ. టాస్మేనియా దీవిలో మా చిన్న రేవు ఊరు గ్యానెట్ పాయింట్‌లో స్కూలు బస్సు తోలి రిటైరయింది. ఇప్పుడు రేవులో పడవలు నడిపే కుర్రాళ్ళలో సగం మందిని చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళింది ఆవిడే. పైకి గట్టి మనిషిలా కనిపిస్తుంది గాని లోపల బెదురెక్కువ. సముద్రం మీంచి పడమటి గాలి విరుచుకుపడిన రోజున బస్సు రోడ్డు పక్కన ఆపేసి పిల్లల చేత పాటలు పాడించేది. "మీ భయం పోగొట్టడానికి కాదర్రా, నా చేతులు వణకడం మీరు చూడకూడదని" అని వాళ్ళు పెద్దయ్యాక ఒప్పుకుంది.

ఉద్యోగం అయిపోయాక ఆవిడకి ఫొటోల పిచ్చి పట్టుకుంది. ఊరికే తీసి దాచుకునే పిచ్చి కాదు. క్రేఫిష్ అనే పెద్ద రొయ్యలు పట్టే బుట్టలు, తాళ్ళ చుట్టలు, తుప్పు పట్టిన లంగరు, మంచులో లైట్‌హౌసు, బేకరీ కిటికీలో గుల్లచేపల కూర నింపి కాల్చిన, పొగలు కక్కే స్కాలప్ పైలు, ఇలాంటివి తీసి ఇంటర్నెట్‌లో ఒక స్టాక్ ఫొటోల కంపెనీకి పంపేది. వాళ్ళు వాటిని కొట్లో సరుకులా పరిచి పెడతారు. కాలెండరు వేసేవాడో, హోటలు గోడ నింపుకునేవాడో, ఎవడికి ఏది కావాలంటే అది కొనుక్కుంటాడు. కొన్నదెవరో తీసినవాళ్ళకి తెలియదు. గ్లెనిస్ లంగరు ఎక్కడో నార్వేలో ఒక పళ్ళ డాక్టరు గదిలో వేలాడుతోందని ఒక టూరిస్టు చెబితే, ఆ సంగతి మా ఊళ్ళో వినని మనిషి లేడు.

ఆవిడ మొగుడు డెస్ చేపల పడవ మీద నడుం పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నవాడు. నడుం పోయింది గాని నోరు పోలేదు.

"నార్వే వాడు నోరు తెరిచి కూర్చుంటే ఎదురుగా నీ తుప్పు లంగరు. పాపం, దాన్ని పంటికి కట్టి లాగుతారనుకుంటాడు" అనేవాడు.

అలా హాయిగా నడుస్తున్న పని కొన్నాళ్ళకి మందగించింది. పంపిన ఫొటోలు తిరిగి రావడం మొదలైంది. ఒకటి చిన్నదన్నారు, ఇంకోటి పెద్దది చేస్తే ఇసక చల్లినట్టుందన్నారు. దానికి తోడు, కంప్యూటర్లే బొమ్మలు తయారు చేస్తున్నాయనీ, ఇంక కెమెరా పట్టుకుని తిరిగేవాళ్ళతో పనుండదనీ అందరూ చెప్పుకుంటున్నారు. గ్లెనిస్ మా పెరటి కంచె దగ్గర నిలబడి ఈ భయాలన్నీ నాకు చెప్పేది.

"లంగరు కావాలంటే కంప్యూటరే గీసిచ్చేస్తుందట. నిజం ఊళ్ళు, నిజం మనుషులు, గోడంత పెద్దది చేసినా చెదరని బొమ్మలైతే ఇంకా కొంటారట. దానికి పెద్ద కెమెరా ఉండాలి. నా దాంతో కాదు."

ఆ పెద్ద కెమెరా ఖరీదు విని డెస్ టీ కప్పు కింద పెట్టాడు.

"అది కొంటే మన కారుకంటే కెమెరా ఖరీదవుతుంది."

"మన కారుకంటే నీ గంబూట్లు కూడా ఖరీదే."

వాదన చాలా రోజులు సాగింది. కొనాలా వద్దా అని ఆవిడకే తేలలేదు. కొంటే డబ్బు పోతుందేమోనని భయం, కొనకపోతే తనకంటూ ఉన్న ఈ ఒక్క పనీ పోతుందేమోనని భయం. చివరికి పక్క టౌను బర్నీలో కెమెరాల కొట్టు నడిపే ఆల్విన్ ఒక దారి చూపించాడు. "తీసుకెళ్ళి వేసవి అయ్యేదాకా వాడి చూడు. నచ్చితే కొను, లేకపోతే తెచ్చిచ్చెయ్" అని కెమెరాతో పాటు దూరానివి దగ్గరకి లాగే పొడుగాటి లెన్సొకటి చేతిలో పెట్టాడు. గ్లెనిస్ దాన్ని పసిబిడ్డలా కంబళిలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఇక్కడ టెగన్ గురించి చెప్పాలి. రెండు చలికాలాల కిందట ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకుని మా ఊరొచ్చింది. బేకరీలో పని, బేకరీ వెనక గదిలోనే కాపురం. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకరోజు పొద్దున్నే గ్లెనిస్ బేకరీ కిటికీని ఫొటో తీస్తుంటే టెగన్ పిండి చేతులతో పరుగెత్తుకుంటూ బయటికొచ్చింది.

"నేను పడ్డానా అందులో? తీసెయ్యండి. ఇప్పుడే, నా ముందే తీసెయ్యండి."

టెగన్ పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి. గ్లెనిస్ ఎందుకని అడగలేదు, ఆమె చూస్తుండగానే చెరిపేసింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కలిసింది. టెగన్ కూతురు మేవ్‌ని బడి నుంచి తీసుకొచ్చే పని గ్లెనిస్ తన మీద వేసుకుంది. చాలా నెలలకి గాని టెగన్ అసలు సంగతి చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా రొట్టెలు సర్దుతూ, మొహం అటు తిప్పుకుని చెప్పింది.

"మేవ్ వాళ్ళ నాన్న మా కోసం వెతుకుతున్నాడు. దొరికితే బతకనివ్వనన్నాడు. కోపంలో అనే మాట కాదు, చాలా నెమ్మదిగా, అన్నం తింటూ అన్నాడు. కోర్టు వాళ్ళు దగ్గరకి రావద్దని ఉత్తర్విచ్చారు. ఆ కాగితాన్ని అతను లెక్కచేసే రకం కాదు. కిందటిసారి మేమున్న ఊరు ఎలా కనిపెట్టాడో తెలుసా? బడిలో ఎవరో పిల్లాడి పుట్టినరోజు ఫొటో పెట్టారు. వెనకాల కిటికీ అద్దంలో నేను కనిపించాను. గంటల తరబడి ఫొటోలు చూస్తూ కూర్చుంటాడు. ఎంతసేపైనా అతనికి ఓపిక పోదు."

జనవరిలో, అంటే మాకు నడి వేసవిలో, మా ఊరి పడవ పందేలు వచ్చాయి. ఆ రోజు ఊరు ఊరంతా రేవు మీదే ఉంటుంది. సాసేజీల వాసన, బ్యాండు మోత, నీళ్ళలో పడ్డవాళ్ళ కేకలు. మేవ్ వారం నుంచీ వెళ్దామని తల్లిని పీక్కుతింటోంది. టెగన్ గ్లెనిస్‌ని అడిగింది.

"మీరు ఫొటోలు తీస్తారా అక్కడ?"

"కింద తియ్యనమ్మా. పాత ఐసు ఫ్యాక్టరీ డాబా ఎక్కి పైనుంచి తీస్తాను. అంత దూరం నుంచి మీరంతా చీమలే. నువ్వు నిశ్చింతగా రా."

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. ఏటేటా అదే డాబా మీంచి తీసేది, జనం ఏటేటా చుక్కల్లాగే పడేవాళ్ళు. మొహాలు గుర్తుపట్టగలిగితే ఆ మనుషుల సంతకాలు కావాలంటుంది కంపెనీ. చుక్కలకి సంతకాలు అక్కర్లేదు. కెమెరా మారిందన్న సంగతి తెలియకేం, తెలుసు. ఆ మార్పు చీమల దాకా వస్తుందని మాత్రం తట్టలేదు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. తెరచాపలన్నీ ఒక్కసారి మలుపు తిరిగిన క్షణంలో గ్లెనిస్ నొక్కింది. రేవు, జనం, బేకరీ వ్యాను, వెనకాల నీలంగా సముద్రం, అన్నీ ఒక్క బొమ్మలోకి వచ్చాయి. గుర్తుపట్టే మొహాలేవీ లేవని ఆవిడ రాసిచ్చిన మాట నమ్మి కంపెనీ ఆ బొమ్మని మారుమాట లేకుండా తీసుకుంది. పెట్టిన కొద్దిరోజులకే అన్నిటికంటే పెద్ద సైజులో ఎవరో కొన్నారని మెయిలొచ్చింది. గ్లెనిస్ కంచె దగ్గరికి వచ్చి నాకు చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"డెస్ కూడా మెత్తబడ్డాడు. కొనేద్దాంలే అంటున్నాడు."

ఆ మధ్యాహ్నం నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. డెస్ ఆ బొమ్మని టీవీ మీద పెట్టి, రిమోటుతో పెద్దది చేసుకుంటూ పోతున్నాడు. చిన్నపిల్లాడిలా ఉంది అతని సంబరం.

"మన వీధి చివర రాస్‌ని చూడు, రెండో సాసేజి జేబులో పెట్టుకుంటున్నాడు. దొంగవెధవ. ఇదిగో మన పాత పడవ, దాని పేరు కూడా చదవొచ్చు. ఎంత కెమెరా గ్లెన్ ఇది, ఆ గట్టు మీద పక్షికి కన్నుంది చూడు."

మేమంతా నవ్వుతున్నాం. అతను బొమ్మని పక్కకి జరిపాడు. బేకరీ వ్యాను వచ్చింది. వ్యాను మీద 'గ్యానెట్ పాయింట్ బేకరీ' అని ఎర్ర అక్షరాలు. దాని పక్కన టోపీ పెట్టుకున్న ఒకామె, భుజాల మీద పిల్ల. పిల్ల ఏదో చూపిస్తుంటే ఆమె సరిగ్గా డాబా వైపే మొహం ఎత్తి నవ్వుతోంది. ముందు పన్ను లేని ఆ పిల్ల నవ్వు కూడా కనిపిస్తోంది.

డెస్ చేతిలో రిమోటు అలాగే ఉండిపోయింది.

"గ్లెన్," అన్నాడు, "ఇది అమ్ముడైపోయిందన్నావు కదా?"

గ్లెనిస్ లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. బొమ్మని కంపెనీ వరసలోంచి తీసెయ్యడానికి ప్రయత్నిస్తుంటే వేళ్ళు తప్పుడు మీటల మీద పడుతున్నాయి. మూడుసార్లు పాస్‌వర్డు తప్పు కొట్టింది. చివరికి నేనే పక్కన కూర్చుని కొట్టాను. బొమ్మ పోయింది. కానీ కొన్నవాడి దగ్గరున్నది పోదు కదా. కొన్నవాడెవరో చెప్పమని కంపెనీకి రాసింది. పేర్లు చెప్పం, కావాలంటే మీ మాట వాళ్ళకి చేరవేస్తాం అని జవాబొస్తే, తన ఫోను నంబరు రాసి పంపింది.

టెగన్‌కి చెప్పాలా వద్దా అన్నది తర్వాతి సంగతి.

"ఎందుకు చెప్పడం?" అన్నాడు డెస్. "కొన్నవాడు ఏ జపానువాడో అయ్యుంటాడు. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే నలుగురిలోకి వస్తోంది. అనవసరంగా బెదరగొట్టకు."

"నేను కళ్ళు మూసుకుంటే అతను కూడా మూసుకుంటాడా, డెస్?"

"చెబితే ఆ పిల్ల మళ్ళీ నీ మొహం చూడదు."

"చూడకపోతే చూడదు."

అనేసింది గాని బేకరీ దాకా నడవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. పోస్టాఫీసు ముందు ఒకసారి, చర్చి గోడ దగ్గర ఒకసారి ఆగిపోయింది. నేను తోడు వెళ్ళాను. టెగన్ కొట్టు కడుగుతోంది. గ్లెనిస్ నిలబడే మొత్తం చెప్పేసింది, ఏదీ దాచలేదు. చీమలే అని తానన్న మాట కూడా మళ్ళీ చెప్పింది.

టెగన్ అరవలేదు. చేతిలో గుడ్డ బకెట్లో వేసి, వెళ్ళి వీధి తలుపు గొళ్ళెం పెట్టింది. తర్వాత పిండి బస్తా మీద కూర్చుంది.

"ఎంత పెద్దగా పడ్డాను?"

గ్లెనిస్ ఫోనులో చూపించింది. టెగన్ చాలాసేపు చూసింది.

"వ్యాను మీద ఊరి పేరు కూడా ఉంది" అంది. "అతనికి ఇంక వెతకాల్సిన పని కూడా లేదు."

"నన్ను తిట్టమ్మా. ఏదో ఒకటి అను."

"తిట్టడానికి ఒంట్లో శక్తి లేదు గ్లెనిస్. ఇప్పుడు బ్యాగు సర్దాలా, మేవ్ బడి మాన్పించాలా, ఏ ఊరు పోవాలా అని ఆలోచిస్తున్నాను. మీరు కాసేపు మాట్లాడకండి."

గ్లెనిస్ కబురు పెడితే ఆ సాయంత్రమే పోలీసు వేడ్ వచ్చాడు. మా ఊరికి అతనొక్కడే పోలీసు. అన్నీ విని, ఉత్తర్వు కాగితం చూసి, పై ఆఫీసుకి ఫోను చేశాడు. "ఇప్పటికి పారిపోవద్దు" అన్నాడు టెగన్‌తో. "కొత్త ఊళ్ళో నువ్వెవరో ఎవరికీ తెలియదు. ఇక్కడ కొత్త మనిషి రేవులో దిగితే టీ తాగే లోపల ఊరందరికీ తెలుస్తుంది." బేకరీ గదిలో మాత్రం ఉండొద్దన్నాడు. డెస్ అన్నకి ఊరవతల సముద్రపు ఒడ్డున ఒక చెక్క ఇల్లుంది. తల్లీపిల్లలు అక్కడికి మారారు. డెస్ కూడా వాళ్ళతో వెళ్ళి, గేటు దగ్గర మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నడుం వంగని మనిషి ఎవరినేం ఆపుతాడని నేను అడిగితే, "ఆపలేను, కానీ గట్టిగా అరవగలను" అన్నాడు.

తర్వాత కొన్న మనిషి నుంచి ఫోనొచ్చింది. జాక్వి అట, మెల్‌బోర్న్‌లో యాత్రలు నడిపే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. గొంతు హుషారుగా ఉంది.

"మీరేనా గ్లెనిస్? అద్భుతమైన ఫొటో. మా స్టాల్‌కి గోడంతా అదే వేశాం. కార్లకి తగిలించుకు తిరిగే ఇళ్ళు, క్యారవాన్ల ఎగ్జిబిషన్ కదా, ఎల్లుండి మొదలు. వేలకి వేల మంది వస్తారు."

గ్లెనిస్ ఆ బొమ్మలో ఒకరికి ఇష్టం లేదనీ దయచేసి తీసెయ్యమనీ అడిగింది. కారణం చెప్పలేకపోయింది. ఆ కారణం టెగన్ ప్రాణానికి సంబంధించింది, ఫోనులో ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా చెబుతుంది?

"అంత జనంలో ఒక్కరిని ఎవరు చూస్తారండీ?" అంది జాక్వి. "అచ్చు వేసేశాం, అతికించేశాం. ముందర ఒక పూలకుండీ పెట్టమంటారా?"

ఫోను పెట్టేశాక గ్లెనిస్ నా వైపు తిరిగింది. "మేవ్ వాళ్ళ నాన్న సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి. మెల్‌బోర్న్ శివార్లలోనే ఉంటాడు. అలాంటి మనిషి అలాంటి చోటికి రాకుండా ఉంటాడా? నేను వెళ్తాను."

మెల్‌బోర్న్ అంటే ఆవిడకి పులి గుహ లాంటిది. విమానం ఎక్కడమే భయం. విన్‌యార్డ్ విమానాశ్రయం నుంచి వెళ్ళే ఆ చిన్న విమానం గాలికి గాలిపటంలా ఊగుతుంది. నేను కారులో దింపడానికి వెళ్ళినప్పుడు దారంతా సీటు అంచు పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు, "అతనెలా ఉంటాడో అడిగాను టెగన్‌ని" అంది. "ఒక్క ఫొటో కూడా ఉంచుకోలేదట. పొడుగ్గా, ఒత్తయిన నల్ల జుట్టుతో, చాలా మర్యాదగా మాట్లాడతాడట. అంతే తెలుసు."

అక్కడేం జరిగిందో ఆవిడ తర్వాత చెప్పింది, అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తలుపులు తెరవక ముందే ఆవిడ ఆ హాలుకి చేరింది. విమానాలు పెట్టే షెడ్డంత హాలు, తళతళలాడే క్యారవాన్ల వరసలు. జాక్వి స్టాల్ కనుక్కునే సరికి చెమటలు పట్టేశాయి. అక్కడ గోడ నిండా గ్యానెట్ పాయింట్. రేవు, పడవలు, ఆ ఎండ. తాను తీసిన బొమ్మ అంత పెద్దదిగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. అది అంత బాగుండటమే ఆవిడని భయపెట్టింది. మనిషి నిలబడితే కళ్ళకి సరిగ్గా ఎదురయ్యే ఎత్తులో, కోడిగుడ్డంత మొహంతో, టెగన్ నవ్వుతోంది.

జాక్వి ఇరవై దాటిన పిల్ల. గ్లెనిస్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"అమ్మా, నీకు అన్నీ చెప్పలేను. ఈ బొమ్మలో ఒకామె ఉంది. ఒక మనిషి ఆమెని వెతుకుతున్నాడు. చూస్తే వెళ్తాడు, వెళ్తే ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. ఇంతకంటే అడక్కు."

జాక్వి మొహంలో హుషారు పోయింది. ఒక్క క్షణం గోడ వైపు చూసి, "ఎక్కడో చూపించండి" అంది. వాళ్ళ కంపెనీ గుర్తు పసుపు రంగు సూర్యుడు. ఆ సూర్యుడి స్టిక్కర్లు బల్ల కింద పెట్టెడున్నాయి. ఒకటి తల్లీపిల్లల మీద అంటించారు, ఇంకోటి వ్యాను మీద పేరు మీద. ఎవరికీ అనుమానం రాకుండా మరి కొన్ని అక్కడా ఇక్కడా అంటించారు. తొందరలో గ్లెనిస్ చేతిలో మొదటి స్టిక్కరు మడతపడిపోయింది.

అప్పటికే జనం లోపలికి వస్తున్నారు. తిరిగి వెళ్ళిపోవచ్చు గాని ఆవిడ వెళ్ళలేదు. ఎవరైనా ఆ స్టిక్కరు గీకితే? బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి మగవాడి జుట్టూ చూసింది. పొడుగ్గా ఉన్న ప్రతివాడి దగ్గరా ఊపిరి బిగపట్టింది. పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు, వేళ్ళు పట్టుకుని నడిచే ముసలి దంపతులు, చేతిలో ఐస్‌క్రీములు. వాళ్ళందరూ మంచివాళ్ళేనేమో, కానీ ఆ రోజు ఆవిడ కళ్ళకి ఒక్కడూ మంచివాడిలా కనిపించలేదు.

మధ్యాహ్నం ఒకతను వచ్చి బొమ్మ ముందు ఆగాడు. పొడుగు మనిషి, తలకి టోపీ. కాగితాలు తీసుకోలేదు, జాక్వితో మాట్లాడలేదు. బొమ్మనే చూస్తూ కొంచెం కొంచెం దగ్గరికి జరిగాడు. ఇంకా దగ్గరికి జరిగి వంగాడు. అతని వేలు వ్యాను మీదున్న సూర్యుడి అంచుని తడిమింది.

"దీని కింద ఏముంది?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"అచ్చు పాడైంది" అంది గ్లెనిస్.

"ఏ ఊరండీ ఇది?"

"టాస్మేనియా."

"టాస్మేనియాలో ఎక్కడ?"

"నాకు తెలియదు. నేను ఇక్కడ కూర్చోడానికి వచ్చాను, అంతే."

అతను తిరిగి ఆవిడని పరీక్షగా చూశాడు. నవ్వి, టోపీ తీసి తల గోక్కున్నాడు. నున్నటి బట్టతల. "రూత్, ఇలా రా" అని ఎవరినో పిలిచాడు. ఒక పెద్దావిడ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. "మీ నాన్న పడవ ఇలాంటి రేవులోనే కదా ఉండేది? వ్యాను మీద పేరు చదువుదామంటే స్టిక్కరు వేసేశారు." ఇద్దరూ కాసేపు బొమ్మ చూశారు. రూత్ కళ్ళు తుడుచుకుంటే, అతను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు.

గ్లెనిస్ లేచి ఆడవాళ్ళ బాత్‌రూములోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

ఎగ్జిబిషన్ అయ్యేవరకూ ప్రతిరోజూ వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంది. జాక్వి టీ తెచ్చిచ్చేది, గ్లెనిస్ బాత్‌రూముకి వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో తాను కూర్చునేది. ఆఖరి రోజు జనం పోయాక గోడ మీద కాగితం ఊడదీస్తుంటే, గ్లెనిస్ కత్తెర తీసుకుని ఆ రెండు ముక్కలూ కోసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మిగతాది ముక్కలు చేసి చెత్తలో వేసేదాకా కదల్లేదు. కంప్యూటరులో ఉన్న కాపీ కూడా జాక్వి ఆవిడ ముందే చెరిపేసింది.

ఇంటికొచ్చి ఆ ముక్కలు టెగన్ చేతిలో పెట్టింది. సముద్రపు ఒడ్డున ఆ చెక్క ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. టెగన్ స్టిక్కరు ఒక మూల నుంచి మెల్లగా ఊడదీసింది. తన మొహం చూసుకుంది, కూతురు మొహం చూసింది.

"నవ్వుతున్నాను" అంది ఆశ్చర్యంగా.

"అవునమ్మా."

"ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో." ఆ మాటన్నాక రెండు ముక్కలూ పొయ్యిలో పడేసింది. అవి ముడుచుకుని నల్లబడి బూడిదయ్యేదాకా ఎవరం లేవలేదు. బట్టతలాయన సంగతి గ్లెనిస్ అప్పుడు చెప్పింది. టెగన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం, నవ్వుతోంది.

"మేవ్ వాళ్ళ నాన్న టోపీ కూడా పెట్టడు గ్లెనిస్. జుట్టు నలుగుతుందని."

ఎవరూ రాలేదు. వారాలు గడిచాయి, చలి మొదలైంది, వేడ్ రోజూ రేవు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. మేవ్ వాళ్ళ నాన్న ఆ బొమ్మ చూశాడో లేదో, చూసి స్టిక్కరు దగ్గర ఆగాడో లేదో మాకెప్పటికీ తెలియదు. టెగన్ మళ్ళీ బేకరీ గదిలోకి వచ్చింది. కొన్నాళ్ళు మాత్రం గ్లెనిస్‌తో పొడిపొడిగానే మాట్లాడింది. గ్లెనిస్ అందుకు బాధపడినా ఏమీ అనలేదు. మేవ్‌ని మాత్రం రోజూ మామూలుగా బడి నుంచి తెచ్చి దింపేది. ఒకరోజు మేవ్‌కి ఇచ్చినట్టే ఆవిడకీ ఒక వేడి స్కాలప్ పైని కాగితంలో చుట్టి ఇచ్చింది టెగన్. దాంతో ఆ బిగింపు సడలింది.

ఇంక కెమెరా మాట. ఆల్విన్ ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. డెస్ మాత్రం ఉంచుకోమన్నాడు.

"రాళ్ళు తియ్యి, అలలు తియ్యి. మనుషులు లేని చోట తియ్యి. కెమెరా చేసిన తప్పేముంది?"

"తప్పు నాదే. దాని చూపు నా చూపుకంటే పెద్దది. అది ఏం చూసిందో నాకు ఇంటికొచ్చాక తెలుస్తోంది. రాళ్ళ మీద ఎవరో ఒకరు కూర్చునుంటారు డెస్. ఒడ్డు మీద ఎవరో నడుస్తుంటారు. ఎవరు ఎవరి నుంచి దాక్కుంటున్నారో నాకేం తెలుసు? ప్రతి అంగుళం వెతుక్కుంటూ కూర్చోవాలి, అయినా భయం పోదు."

"అయితే నీ లంగర్లు ఇంక ఎవరూ కొనరు."

"కొనకపోతే మానెయ్యనీ."

ఆ మాట తేలిగ్గా అనలేదు. బర్నీకి నాతో కారులో వస్తూ ఆ కంబళి మూట ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకునే కూర్చుంది. ఆల్విన్ పెట్టె తెరిచి చూసి, "బొమ్మలు సరిగా రాలేదా?" అని అడిగాడు.

"చాలా బాగా వచ్చాయి ఆల్విన్. నీకు రుణపడి ఉంటాను" అంది. అతనికేమీ అర్థం కాలేదు.

ఇప్పుడు ఆవిడ ఫొటోలు నెలకి ఒకటో రెండో అమ్ముడుపోతాయి, ఒక్కో నెల అదీ లేదు. పంపే ముందు ప్రతిదాన్నీ టీవీ మీద పెట్టి, డెస్ చేత మూల మూలా పెద్దది చేయించి చూస్తుంది. అతను విసుక్కుంటూనే చేస్తాడు. వేసవిలో పెద్ద ఓడ దిగి, మెల్‌బోర్న్ ఉండే విక్టోరియా రాష్ట్రం నంబరు ప్లేటున్న కార్లు మా రేవు రోడ్డు మీదికి వస్తుంటాయి. అలాంటిదేదైనా బేకరీ ముందు ఆగితే గ్లెనిస్ చేస్తున్న పని వదిలేసి, దూరంగా బేకరీ కనిపించే తన గేటు దగ్గరికి వస్తుంది. దిగిన మనిషి రొట్టె కొనుక్కుని, కారెక్కి, మలుపు దాటి పోయేదాకా అక్కడే నిలబడి ఉంటుంది.